ఫ్లోరైట్: నల్గొండ, మహబూబ్‌నగర్ ఎత్తు నేలల్లో ఒక ఖనిజ చరిత్ర

ఫ్లోరైట్ అనేది కాల్షియం, ఫ్లోరిన్ మూలకాల కలయికతో ఏర్పడిన స్ఫటిక ఖనిజం. రసాయన శాస్త్రంలో దీనిని కాల్షియం ఫ్లోరైడ్ అనీ, గనుల పరిశ్రమలో, వ్యాపారంలో ఫ్లోర్‌స్పార్ అనీ వ్యవహరిస్తారు. శుద్ధమైన ఫ్లోరైట్‌కు రంగు ఉండదు. అతి స్వల్పంగా కలిసిన ఇతర మూలకాల వల్ల, సహజ వికిరణం స్ఫటికంలో కలిగించే లోపాల వల్ల అది లేత నీలం, ఊదా, ఆకుపచ్చ, పసుపు రంగుల్లో దొరుకుతుంది. ఎక్కువగా ఘనాకారంలో పెరిగే ఈ స్ఫటికాలను తగిన కోణంలో కొడితే నాలుగు దిశల్లో నున్నగా చీలి, ఎనిమిది ముఖాల ముక్కలుగా విడిపోతాయి. ఖనిజాల గట్టిదనాన్ని ఒకటి నుంచి పది వరకు లెక్కించే మోస్ కొలమానంలో దీని స్థానం 4. అంటే చాకు మొనతో గీస్తే గీత పడేంత మెత్తనిది. చూపుకు రత్నంలా ఉన్నా నగల్లో నిలవకపోవడానికి ఈ మెత్తదనమే కారణం. దక్షిణ తెలంగాణలోని నల్గొండ, మహబూబ్‌నగర్ ఉమ్మడి జిల్లాల నేలలో ఈ ఖనిజం ఏ గనిలోనూ కుప్పగా లేదు. గ్రానైట్ రాతిలో సన్నని రేణువులుగా, పగుళ్ల వెంట పలుచని పూతలుగా మాత్రమే ఉంది. అయినా భారతదేశంలో దీని ప్రభావాన్ని మనుషులు తమ ఎముకల్లో మోసిన ప్రాంతాల్లో ఇది ముందువరుసలోనిది.

ఖనిజం పేరు ఐరోపా గనుల నుంచి వచ్చింది. జర్మన్ గనిపనివారు లోహపు రాతిని కరిగించేటప్పుడు కొలిమిలో ఒక రకం మెరిసే రాళ్లను వేసేవారు. వాటి చేరికతో లోహమలం తక్కువ వేడికే కరిగి పలుచగా పారేది. ఇలా కరుగుదలకు తోడ్పడే పదార్థాన్ని తెలుగు పాఠ్యగ్రంథాలు ద్రవకారి అంటాయి. యోఆఖిమ్‌స్థాల్ అనే గనుల పట్టణంలో వైద్యుడిగా పనిచేసిన జార్జియస్ అగ్రికోలా 1530లో ప్రచురించిన 'బెర్మానస్' గ్రంథంలో, గనిపనివారు వాడే మాటకు సాటిగా, పారడం అనే అర్థమున్న లాటిన్ ధాతువు నుంచి ఈ రాళ్లకు 'ఫ్లుయోరెస్' అని పేరు పెట్టాడు. ఫ్లోరైట్ అనే నేటి రూపాన్ని 1797లో ఇటలీకి చెందిన నాపియోనే ప్రవేశపెట్టాడు. ప్రాచీన రోమన్లు అమితమైన వెలకు కొన్న 'ముర్రినా' పాత్రలు కూడా ఈ రాతితోనే చేసినవని కొందరు పండితుల అభిప్రాయం.

ఒక రాతికి పెట్టిన ఈ పేరు నుంచి తర్వాతి శతాబ్దాల్లో మరి రెండు శాస్త్రీయ పదాలు పుట్టాయి. స్వీడన్ రసాయనవేత్త షీలే 1771లో ఫ్లోర్‌స్పార్‌ను గంధకామ్లంతో కలిపి కాచి, గాజును సైతం తినివేసే కొత్త ఆమ్లాన్ని తయారుచేశాడు. ఆ ఆమ్లంలో అప్పటికి తెలియని మూలకం ఒకటి ఉందని గ్రహించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆంపియర్, దానికి ఫ్లోరిన్ అనే పేరును 1812లో ఇంగ్లండులోని హంఫ్రీ డేవీకి సూచించాడు. ఆ మూలకాన్ని విడిగా రాబట్టడానికి మాత్రం మరి డెబ్బై ఏళ్లకు పైగా పట్టింది. విషవాయువుకు గురై కొందరు పరిశోధకులు ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారు. చివరకు 1886లో పారిస్‌లో హెన్రీ మోయిస్సాన్ విద్యుత్తు సాయంతో దానిని వేరుచేసి, 1906లో నోబెల్ బహుమతి పొందాడు. దేనినైనా తినివేసే ఆ వాయువును పట్టి ఉంచడానికి తన పరికరానికి అతడు అమర్చిన బిరడాలు ఫ్లోరైట్‌తోనే చేసినవి. అప్పటికే ఫ్లోరిన్‌తో నిండిన ఆ రాతిపై ఫ్లోరిన్ ఇక పనిచేయలేదు.

రెండో పదం లేత నీలి రంగుతో నేరుగా ముడిపడినది. ఉత్తర ఇంగ్లండు గనుల్లో దొరికే కొన్ని ఫ్లోరైట్ స్ఫటికాలు, వెలుతురుకు అడ్డుగా పట్టి చూస్తే ఆకుపచ్చగానూ, ఎండలో పెట్టి పైనుంచి చూస్తే నీలంగానూ కనిపిస్తాయి. కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలను స్ఫటికం పీల్చుకుని, కంటికి కనిపించే కాంతిగా తిరిగి వెలువరించడం వల్ల ఆ నీలిమ కలుగుతుంది. కేంబ్రిడ్జి ఆచార్యుడు జార్జి స్టోక్స్ 1852లో ఈ ధర్మానికి ఈ రాతి పేరు మీదనే 'ఫ్లోరెసెన్స్' అని పేరు పెట్టాడు. తెలుగులో దీనిని ప్రతిదీప్తి అంటున్నారు. ఇళ్లలో చాలాకాలం వెలిగిన ట్యూబులైట్లకు ఆధారమైన సూత్రం ఇదే.

భారతదేశంలో ఫ్లోర్‌స్పార్‌ను తవ్వితీసే ముఖ్యమైన చోటు గుజరాత్‌లోని అంబాడుంగర్; ఛత్తీస్‌గఢ్‌లోని చాందీ డోంగ్రీ, రాజస్థాన్‌లోని డుంగర్‌పూర్ ప్రాంతం కూడా చెప్పుకోదగినవి. నల్గొండ, మహబూబ్‌నగర్‌లలో అటువంటి నిక్షేపం లేదు. ఈ నేల అడుగున ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్, దానికి దగ్గరి బంధువైన నైస్ శిల. దక్కను పీఠభూమిలో భూమి పొర గట్టిపడిన తొలిదశల్లో లోతున కరిగి ఉన్న శిలాద్రవం నెమ్మదిగా చల్లారుతూ రాయిగా మారినప్పుడు, ఫ్లోరిన్ వంటి మూలకాలు చివరివరకు ద్రవంలోనే మిగిలి, ఆఖరికి ఫ్లోరైట్, అపటైట్ రేణువుల్లోనూ, బయోటైట్ అనే నల్ల అభ్రకంలోనూ, హార్న్‌బ్లెండ్ అనే ముదురు రంగు ఖనిజంలోనూ చేరాయి. 1993లో ప్రచురితమైన ఒక భూరసాయన అధ్యయనం ప్రకారం నల్గొండ గ్రానైట్లలో కిలో రాతికి 325 నుంచి 3,200 మిల్లీగ్రాముల వరకు, సగటున 1,440 మిల్లీగ్రాముల ఫ్లోరిన్ ఉంది. ప్రపంచంలోని గ్రానైట్ల సగటు 810 మిల్లీగ్రాములుగా ఆ అధ్యయనమే పేర్కొంది. అదే అధ్యయనంలో జిల్లా నీటి నమూనాల్లో ఫ్లోరైడ్ లీటరుకు 0.4 మిల్లీగ్రాముల నుంచి 20 మిల్లీగ్రాముల వరకు కనిపించింది. తాగునీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించరాదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు. భారత ప్రమాణాలు ఒక మిల్లీగ్రామును కోరదగిన పరిమితిగానూ, వేరే నీరు దొరకని చోట 1.5ను ఆఖరి పరిమితిగానూ నిర్ణయించాయి.

నల్గొండ పూర్వనామం నీలగిరి అనీ, బహమనీల కాలంలో అది నల్లగొండగా మారిందనీ చెబుతారు. నీలి రాతి చరిత్రలో ఈ పేరు ఎదురుపడినప్పుడు రెంటికీ సంబంధం ఉందేమోననిపించడం సహజమే గానీ, ఆ పేరు పట్టణాన్ని ఆనుకుని ఉన్న కొండల రంగును బట్టి వచ్చినది; ఖనిజంతో దానికి ముడి లేదు.

ఫ్లోరైట్ నీటిలో అంత తేలికగా కరిగే పదార్థం కాదు. మామూలు ఉష్ణోగ్రతలో లీటరు శుద్ధజలంలో కరిగేది 16 మిల్లీగ్రాముల చిల్లర మాత్రమే. దాని నుంచి నీటిలోకి వచ్చే ఫ్లోరైడ్ 8 మిల్లీగ్రాములకు లోపే ఉంటుంది. మరి 20 మిల్లీగ్రాముల వరకు ఎలా చేరిందన్న ప్రశ్నకు జవాబు ఈ ప్రాంతపు వానలోనూ, మట్టిలోనూ ఉంది. ఇది వానలు తక్కువ, ఎండలు ఎక్కువ ఉన్న ప్రాంతం. ఎర్ర చెలకల కింద నీరు గ్రానైట్ పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి, రాతిని కొద్దికొద్దిగా కరిగించుకుంటూ సోడియం బైకార్బొనేట్‌ను కూడగట్టుకుని క్షారగుణం పొందుతుంది. అటువంటి నీటిలోని కాల్షియం సున్నపు గడ్డలుగా పేరుకుని నీటి నుంచి తప్పుకుంటుంది. ఈ జిల్లాల్లో బావులు తవ్వేటప్పుడు తెల్లగా బయటపడే సున్నపు కంకర ఇదే. ఫ్లోరైట్ కరుగుదలకు హద్దు పెట్టేది నీటిలోని కాల్షియమే గనుక, అది తొలగిన కొద్దీ మరింత ఫ్లోరైట్ కరిగి, ఫ్లోరైడ్ మాత్రం నీటిలోనే మిగిలిపోతుంది. కాల్షియం తక్కువగా ఉన్న మెత్తని నీరు నోటికి తియ్యగా అనిపించవచ్చు. ఫ్లోరైడ్‌కు రంగు, వాసన లేవు. నీటిని చూసి, రుచి చూసి మంచిచెడ్డలు నిర్ణయించే అలవాటు ఇక్కడ పనికిరాకపోవడానికి కారణం అదే. తవ్వుడు బావుల్లో కొత్త వాననీరు ఎంతో కొంత కలిసేది. 1970ల తర్వాత చేతిపంపులు, బోర్లు పెరిగి రాతి లోతుల్లో చాలాకాలంగా నిలిచిన నీటిని పైకి తేవడంతో, చాలా ఊళ్లలో ప్రజలు మరింత ఫ్లోరైడ్ తాగవలసి వచ్చింది.

ఈ నీటి వల్ల కలిగే ఫ్లోరోసిస్ వ్యాధిని భారతదేశంలో వైద్యశాస్త్రం మొదట గుర్తించింది కూడా తెలుగు పల్లెల్లోనే. అమెరికాలో పళ్ల మీద గోధుమరంగు మచ్చలకు కారణం నీటిలోని ఫ్లోరైడేనని 1931లో తేలింది. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే, అప్పటి నెల్లూరు జిల్లాలో ఉండి 1970లో ప్రకాశం జిల్లాలో చేరిన పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో పశువులు, మనుషులు నడుములు బిగిసి వంగిపోతున్న సంగతి మద్రాసు వైద్యుల దృష్టికి వచ్చింది. షార్ట్, మెక్‌రాబర్ట్, బార్నార్డ్, మన్నాడి నాయర్‌లు ఆ రోగులను పరీక్షించి, ఎక్స్‌రే చిత్రాలతో సహా 1937లో 'ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్'లో ప్రకటించిన వ్యాసం, అస్థి ఫ్లోరోసిస్‌పై భారతదేశంలో వెలువడిన తొలి ప్రధాన రచన. నిజాం సంస్థానంలోని నల్గొండ జిల్లాలో, నేటి మర్రిగూడ మండలం బట్లపల్లిలో వ్యాధి 1945 ప్రాంతంలో గుర్తింపునకు వచ్చింది. హైదరాబాద్ వైద్యుడు ఎ. హెచ్. సిద్దిఖీ 'ఫ్లోరోసిస్ ఇన్ నల్గొండ డిస్ట్రిక్ట్' అనే వ్యాసాన్ని 1955 డిసెంబర్‌లో 'బ్రిటిష్ మెడికల్ జర్నల్'లో ప్రచురించడంతో జిల్లా పేరు ప్రపంచ వైద్య సాహిత్యంలోకి ఎక్కింది. వేల ఏళ్లుగా ఆ రాతి మీదే బతికిన రైతులకు, గొల్లకురుమలకు ఆ బాధ కొత్తదేమీ కాదు. దానికి పేరు, కారణం దొరకడమే కొత్త.

ఎముకలో జరిగే మార్పును అర్థం చేసుకోవడానికి ఫ్లోరైట్‌తో పాటు గ్రానైట్‌లో ఉండే రెండో ఖనిజం, అపటైట్ వద్దకు రావాలి. కాల్షియం ఫాస్ఫేట్ ఆధారమైన ఈ ఖనిజాన్ని పూర్వం ఫ్లోరైట్ అనీ, వైడూర్య జాతికి చెందిన లేత నీలి రత్నమనీ పలువురు పొరబడుతూ వచ్చినందున, జర్మన్ ఖనిజవేత్త వెర్నర్ 1786లో మోసగించడం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి దానికి ఆ పేరు పెట్టాడు. మనిషి ఎముకకు, పంటికి గట్టిదనమిచ్చేది ఈ అపటైట్ కుటుంబానికే చెందిన పదార్థం. నీటితో పాటు లోనికి వెళ్లిన ఫ్లోరైడ్‌లో కొంత మూత్రంలో పోగా, మిగిలినది ఎముకలోని ఆ పదార్థంలో చోటు చేసుకుని, దానిని గ్రానైట్‌లోని ఫ్లోరపటైట్ వంటి రూపానికి మారుస్తుంది. పిల్లల్లో పళ్లు ఏర్పడే వయసులో ఇది జరిగితే పింగాణీ పొర సుద్దలా తెల్లబారి, తర్వాత పసుపు, గోధుమ రంగు గీతలతో గారపట్టినట్లు అవుతుంది. తోమితే పోయే గార కాదది. పెద్దల్లో ఎముకలు చిక్కబడి, కీళ్లను పట్టి ఉంచే బంధకాల్లోకి సున్నం చేరి మెడ తిరగదు, నడుము వంగదు. వెన్నుపాము ఇరుకున పడితే కాళ్లు చచ్చుబడతాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో 'లాన్సెట్' పత్రికలో వర్ణించిన మరో రూపంలో, ఎదిగే పిల్లల మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతాయి.

నల్గొండ పరిస్థితిలో పేదరికానికి ఉన్న పాలు రాతికున్న పాలు కంటే తక్కువది కాదు. ఒకే బావి నీరు తాగినవారిలో పాలు, పెరుగు, ఆకుకూరలు తినగలిగినవారికి కాల్షియం, ఇతర పోషకాలు కొంత రక్షణనిచ్చాయి. అవి దొరకని కూలి కుటుంబాల పిల్లలు ముందుగా వంగిపోయారు. ఎండలో పనిచేసేవారు ఎక్కువ నీరు తాగవలసి రావడంతో వారిలోకి వెళ్లిన ఫ్లోరైడ్ కూడా ఎక్కువే. జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1970ల్లో ఈ ప్రాంతాల ఆహారాన్ని పరిశీలించి, జొన్న ప్రధానమైన తిండి తినేవారి శరీరంలో ఫ్లోరైడ్ మరింతగా నిలుస్తున్నట్లు గమనించారు. చింతపండు తీసుకుంటే మూత్రంలో ఫ్లోరైడ్ విసర్జన పెరుగుతున్నట్లు అదే సంస్థ పరిశోధకులు 2002లో ప్రకటించారు. పప్పుచారు, పచ్చిపులుసు లేని రోజు అరుదైన ఈ ప్రాంతానికి ఇది ఆదరించదగిన ఫలితమే. అయితే దానిని చికిత్సగా గానీ, మంచినీటికి మారుగా గానీ తీసుకోరాదు.

నీటి నుంచి ఫ్లోరైడ్‌ను తొలగించే ప్రయత్నాల్లో 'నల్గొండ టెక్నిక్' ముఖ్యమైనది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధనా సంస్థ, అంటే నీరి, 1960ల నుంచి జరిపిన ప్రయోగాల ఫలితంగా రూపొందిన ఈ పద్ధతిని నవ్‌లాఖే, కులకర్ణి, పాఠక్, బులుసు 1975లో ప్రకటించారు. పద్ధతికి జిల్లా పేరే స్థిరపడింది. ఇందుకు కావలసినవి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ మాత్రమే. ఇంటి వాడకంలో, అడుగుకు కొద్దిగా పైన కుళాయి బిగించిన బకెట్‌లో నీరు పోసి, పటికలో సుమారు ఇరవయ్యో వంతు సున్నాన్ని, కొద్దిగా బ్లీచింగ్ పౌడర్‌ను, నీటి ఫ్లోరైడ్‌ను, క్షారగుణాన్ని బట్టి లెక్కగట్టిన పటిక ద్రావణాన్ని కలిపి నెమ్మదిగా తిప్పుతారు. పటికలోని అల్యూమినియం దూది పింజల్లాంటి అవక్షేపంగా మారి ఫ్లోరైడ్‌ను తనతో పట్టుకుని అడుక్కు చేరగా, గంట తర్వాత పైని తేట నీటిని వాడుకుంటారు. ఇక్కడి నుంచి ఈ పద్ధతి ఇథియోపియా, టాంజానియా, కెన్యా వంటి తూర్పు ఆఫ్రికా దేశాలకు చేరింది. రూపకల్పన సరళమైనదే గానీ, ప్రతి బావికీ మోతాదు మారడం, పటిక ఎక్కువైతే సల్ఫేటు, అల్యూమినియం నీటిలో మిగలడం, అడుగున చేరే మడ్డిని పారబోయడానికి చోటు లేకపోవడం, అన్నిటికన్నా మించి రోజూ శ్రద్ధగా చేసే మనిషి అవసరం కావడం వల్ల పల్లెల్లో అది నిలదొక్కుకోలేదు. పద్ధతికి జిల్లా పేరు దక్కినా, ఆ జిల్లా ఊళ్లకు మాత్రం మంచినీరు చాలాకాలం దక్కలేదు.

పరిష్కారం రాతిని తాకని నీటిలో ఉందని, అంటే నదీజలాలను తేవడంలో ఉందని జిల్లా ప్రజలు తేల్చుకున్నారు. జిల్లా దక్షిణ సరిహద్దులో కృష్ణా నదిపై 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నుంచి 1967లో కాలువలకు నీరు వదిలారు. అయితే మునుగోడు, మర్రిగూడ, చండూరు, నాంపల్లి, దేవరకొండ వైపు మెట్ట గ్రామాలు కాలువలకు ఎత్తున ఉండిపోయాయి. దుశర్ల సత్యనారాయణ నాయకత్వంలో జలసాధన సమితి ఈ అన్యాయాన్ని దేశం ముందు పెట్టింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. వారిలో అత్యధికులు నీటి కోసం నిరసనగా నిలబడినవారు. బ్యాలెట్ పత్రం పుస్తకంగా అచ్చువేయవలసి వచ్చింది. ఆ ఎన్నికలో గెలిచినది తెలంగాణ సాయుధ పోరాట యోధుడు బొమ్మగాని ధర్మభిక్షం. అదే ఏడాది ఎన్నికల చట్టాన్ని సవరించి లోక్‌సభ అభ్యర్థుల ధరావతును 500 రూపాయల నుంచి 10,000కు పెంచడానికి కారణమైన సంఘటనల్లో ఇదొకటి. నీరు అడిగినవారికి మొదట అందిన జవాబు ధరావతు పెంపు కావడం ఆ కాలపు పాలన మీద మచ్చగా చరిత్రలో నిలిచింది.

తర్వాతి సంవత్సరాల్లో నాగార్జునసాగర్ జలాశయం నీరు ఎత్తిపోతల ద్వారా నల్గొండ పక్కనున్న పానగల్లులోని ఉదయసముద్రం చెరువుకు, అక్కడి నుంచి తాగునీటి పథకాల ద్వారా గ్రామాలకు దశలవారీగా చేరింది. తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక చేపట్టిన ఇంటింటి తాగునీటి పథకానికి పైలాన్‌ను 2015 జూన్‌లో ఫ్లోరైడ్ పీడిత ప్రాంతమైన చౌటుప్పల్‌లోనే ఆవిష్కరించారు. మిషన్ భగీరథ పేరుతో ఆ పథకం 2016 ఆగస్టులో గజ్వేల్ వద్ద ప్రారంభమైంది. మహబూబ్‌నగర్ ఉమ్మడి జిల్లాలోని ఫ్లోరైడ్ గ్రామాలకు కూడా కృష్ణా జలాలు ఈ గొట్టాల ద్వారానే అందుతున్నాయి. 2016, 2019 పునర్విభజనల్లో నల్గొండ మూడు జిల్లాలుగా, మహబూబ్‌నగర్ ఐదు జిల్లాలుగా విడిపోయినందున, పాత అధ్యయనాల్లోని జిల్లా పేర్లను నేటి సరిహద్దులతో సరిచూసుకుని చదవవలసి ఉంటుంది.

నదీజలం వచ్చాక పుట్టిన పిల్లల పళ్లు, ఎముకలు ఆ వ్యాధికి దూరంగా పెరగగలుగుతున్నాయి. ఒకసారి వంగిన వెన్నును, గట్టిపడిన కీళ్లను పూర్వస్థితికి తెచ్చే మందు మాత్రం ఇంతవరకు లేదు. పూర్వం ఆ నీరు తాగినవారికి జీవితకాలపు ఆసరా, పింఛను, కీళ్ల వైద్యం అందించవలసిన బాధ్యత సమాజం మీద ఉంది. గ్రానైట్‌లోని ఫ్లోరైట్ ఎక్కడికీ పోలేదు. బోర్ల నీటిలో ఫ్లోరైడ్ మునుపటిలాగే ఉంటుంది గనుక, నల్లా నీరు ఆగిన రోజున పరీక్ష చేయించని బోరు నీటిని తాగడానికి గానీ, అన్నం, పప్పు వండడానికి గానీ వాడకూడదు. కాచినంత మాత్రాన నీటిలోని ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో దాని పాలు పెరుగుతుంది.